చూసిన దృశ్యాన్ని బొమ్మగా ఎలా వేయాలి? ఒక మామిడికాయల ట్రాలీ, ఆరు ఆదివారాలు

2025 జూన్ నెలాఖరు. చిత్తూరు నుంచి తిరుపతికి బండి మీద వస్తున్నాను. ఊరు దాటాక ఒక జ్యూస్ ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. ఆ సీజన్లో ధర పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించారు. అయితే ముందు కాయ దించుకోవాలి కదా! ఒక ట్రాలీ వెనక, రెండు టైర్ల మధ్య, గోనెపట్టా పరుచుకుని, కాళ్లు ముడుచుకుని డ్రైవరు నిద్రపోతున్నాడు. పైన టన్నుల కొద్దీ కాయ. కింద ఆ మనిషి పట్టేంత నీడ.

ఆ నీడ చూసి బండి ఆపాను. దాన్ని 16 × 20 అంగుళాల కాన్వాసు మీదికి తేవడానికి ఆరు ఆదివారాలు పట్టింది. అందులో రెండు నా తెలివితక్కువతనానికే ఖర్చయ్యాయి. యాక్రిలిక్ రంగులతో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ రెండు ఆదివారాలైనా మిగులుతాయని ఇదంతా వరసగా రాస్తున్నాను.

ముందు ఆగి చూడండి, మాటల్లో రాసుకోండి

ఫోటో తీసుకోండి, తప్పు లేదు. కానీ ఎండలో ఫోన్ కెమెరా నీడల్ని నల్లటి ముద్దగా మార్చేస్తుంది, లేదంటే ఆకాశాన్ని తెల్లగా తినేస్తుంది. అందుకే రెండు ఫోటోలు కావాలి. ఒకటి వెలుతురు మీద వేలు నొక్కి, ఇంకొకటి నీడ మీద నొక్కి. ఆ తర్వాత ఫోన్ జేబులో పెట్టేసి ఐదు నిమిషాలు ఊరికే చూడండి. కనిపించిన రంగుల్ని చిన్న పుస్తకంలో మాటల్లో రాసుకోండి. నేను ఆ రోజు రాసుకున్నది ఇది: "నీడ నల్లగా లేదు. ట్రాలీ అడుగున ఎర్రటి వెలుగు. కాయల్లో మూడు రకాల పచ్చ. తెల్ల తువ్వాలు నీడలో నీలం."

ట్రాలీ అడుగున ఎరుపు ఎక్కడిదంటే, ఎండ పడిన ఎర్రమట్టి వెలుతుర్ని తిరిగి పైకి కొడుతుంది. ఫోటోలో అది ఆనవాలు కూడా లేదు. పుస్తకంలో ఆ ఒక్క ముక్క రాసుకోకపోతే నా బొమ్మలో నీడంతా తారుపూత అయ్యుండేది. ఇంకో సంగతి. జూన్‌లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. నీడలు బండి కిందే కుదించుకుని ఉంటాయి. టైమ్ కూడా రాసుకోండి. ఇంటికొచ్చాక సాయంత్రం నీడలు గీసేయకుండా అది కాపాడుతుంది.

మనిషి ఉంటే అడిగి తీరాలి. నా అలికిడికి డ్రైవరు లేచాడు.

"ఏంది సామీ, ఫోటో తీస్తాండావు? పేపరోళ్లా?"

"కాదన్నా, బొమ్మ వేసుకుందామని."

"ఏసుకో. మొగం మాత్రం పడనీయొద్దు. మా ఇంట్లో చూస్తే, కాయ అమ్మను పోయినోడు పడుకోనుండాడే అంటారు."

అని తువ్వాలు మొహం మీద కప్పుకుని మళ్లీ పడుకున్నాడు. బొమ్మకు అంతకన్నా మంచి సాయం ఎవరూ చేయలేరు.

బొమ్మ దేని గురించో ఒక్క వాక్యంలో చెప్పండి

నేను మొదట రాసుకున్న వాక్యం "మామిడి రైతు కష్టం". పేపర్లో హెడ్డింగుకు బాగుంటుంది గానీ దాన్ని కుంచెతో ఎలా వేస్తారు? రెండోసారి ఇలా రాశాను: "టన్నుల బరువు కింద మనిషి పట్టేంత నీడ". దీన్ని వేయొచ్చు. పైన పెద్ద బరువైన ఆకారం, కింద సన్నటి చీకటి, ఆ చీకట్లో ఒక లేత మచ్చ. వాక్యం కుదిరాక ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేలికైపోయింది. ఫ్యాక్టరీ గేటు పోయింది, పక్క ట్రాక్టర్లు పోయాయి, టీ బంకు పోయింది. టీ బంకును వదులుకోవడం మాత్రం బాధగానే ఉంది. దాని నీలం రంగు టార్పాలిన్ అంత బాగుంది.

చిట్టి బొమ్మలు

విజిటింగ్ కార్డంత డబ్బాలు ఆరు గీయండి. పొడవు వెడల్పులు మీ కాన్వాసు లెక్కలోనే ఉండాలి. 16 × 20 అయితే 4కి 5. ఒక్కో డబ్బాలో మూడే మూడు రంగులు: తెలుపు, బూడిద, నలుపు. వివరాలేవీ వద్దు. ఫోటోను కళ్లు సగం మూసి చూస్తే ఏది వెలుతురో, ఏది చీకటో విడిపోతుంది. వేయాల్సింది ఆ ముక్కల్నే.

నా మొదటి నాలుగూ అడ్డంగా గీసినవి. ట్రాలీ చక్కగా కూర్చుంది, బరువు మాత్రం కనిపించలేదు. ఐదోది నిలువుగా తిప్పి, కాయల కుప్పను పై అంచు దాకా పెంచి, నీడను కింది పావు భాగానికి తోసేశాను. అప్పుడు మనిషి నిజంగానే బరువు కింద ఉన్నట్టు అనిపించింది. ఆరు డబ్బాలకు పట్టింది అరగంట. ఇదే తప్పు కాన్వాసు మీద తెలిస్తే ఒక నెల పోయేది.

సామాను

రంగులు ఐదు ట్యూబులు చాలు: టైటానియం వైట్, లెమన్ యెల్లో, అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా (ఇటుక రంగు), క్రిమ్సన్. బ్లాక్ ఒకటి విడిగా చెబుతాను. కుంచెలు మూడు. అంగుళం ఫ్లాట్, అర అంగుళం ఫ్లాట్, ఒక సన్న రౌండ్. మొదట సన్న రౌండ్‌ను డ్రాయర్లో పెట్టి తాళం వేసేయండి, చివరిదాకా దాంతో పని లేదు.

మన ఎండలకు యాక్రిలిక్, రంగులు కలుపుకునే పలక మీదే ఎండిపోతుంది. మూత ఉన్న స్వీట్ డబ్బాలో తడిపిన టిష్యూ పేపర్లు పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగులు ఆ పేపర్ మీద కలుపుకోండి. మూత పెడితే మర్నాటికి కూడా తడిగా ఉంటాయి. ఫ్యాను ఆపేయాలి. తిరుపతిలో ఫ్యాను ఆపి కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నేను తెల్లారి ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించేవాణ్ని.

కొన్న కాన్వాసు మీద ఒక పూత గెస్సో (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే తెల్ల పూత) వేసి, ఆరాక సన్నటి గరుకు కాగితంతో రుద్దండి. తర్వాత బర్న్ట్ సియెన్నాను బాగా నీళ్లలో పలచన చేసి కాన్వాసంతా పూసేయండి. తెల్లటి కాన్వాసు మీద ఏ రంగు పెట్టినా ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. ఈ ఇటుక రంగు మీద ఆ తికమక ఉండదు. పైగా నా బొమ్మలో అదే ఎర్రమట్టి కూడా.

గళ్లు గీసి దించడం

ఫోటోను 4కి 5 లెక్కలో కత్తిరించి ప్రింటు తీయండి. ప్రింటు మీద అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు గళ్లు. కాన్వాసు మీద నాలుగు అంగుళాల గళ్లు, అవీ సరిగ్గా ఇరవై వస్తాయి. ఏ గడిలో ఏ గీత ఎక్కడ దాటుతుందో చూసి దించుకోవడమే. ఇది దొంగ పని అనే వాళ్లుంటారు, పట్టించుకోకండి. పెన్సిలు గట్టిగా నొక్కితే లేతరంగుల కింద నుంచి కనిపిస్తుంది, అదొక్కటి చూసుకోండి.

నీడతో మొదలుపెట్టండి

అన్నిటికన్నా ముదురు భాగం ముందు వేస్తే మిగతా వాటిని దానితో పోల్చుకోవచ్చు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా సగం సగం కలిపితే నలుపుకు దగ్గరగా వస్తుంది కానీ ట్యూబు నలుపులా చచ్చిపోయి ఉండదు. బ్లూ కాస్త ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా మారుతుంది. ట్రాలీ అడుగు భాగంలో సియెన్నా పెంచాను, టైర్ల దగ్గర బ్లూ పెంచాను. పుస్తకంలో రాసుకున్న ఎరుపు అక్కడికి చేరింది.

యాక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు కన్నా ఆరాక ఒక మెట్టు ముదురవుతుంది. అట్టముక్క మీద పూసి, ఆరనిచ్చి చూసుకున్నాకే కాన్వాసు మీద పెట్టండి.

తర్వాత అంగుళం కుంచెతో అన్ని భాగాలూ నింపేయండి. ఆకాశం, కాయల కుప్ప, ట్రాలీ తలుపు, నేల. ఏదీ బాగుండక్కర్లేదు. రెండు గంటల్లో కాన్వాసంతా కప్పేయాలి.

వెయ్యి కాయలు వేయకుండా కుప్ప వేయడం

నా రెండు ఆదివారాలు మునిగింది ఇక్కడే. సన్న కుంచె తీసుకుని, పై వరస నుంచి ఒక్కో కాయా శ్రద్ధగా వేసుకుంటూ వచ్చాను. ప్రతి కాయకూ చిలకముక్కు, ప్రతి కాయకూ మెరుపు, ప్రతి కాయ కిందా నీడ. రెండో ఆదివారం అయ్యేసరికి నూట ముప్పై కాయలయ్యాయి. గోడకు ఆనించి దూరం నుంచి చూస్తే ట్రాలీ నిండా పచ్చరంగు పూసిన బంగాళాదుంపలు. కుప్ప అనేదే లేదు.

కారణం ఏమిటంటే, కుప్పను చూసేటప్పుడు మన కన్ను కాయల్ని లెక్కపెట్టదు. ముందు కుప్ప ఆకారాన్ని చూస్తుంది. పైభాగం మీద ఎండ, పక్క వాలు మీద సగం నీడ, ట్రాలీ అంచు దగ్గర ముదురు. ఆ పైన నాలుగైదు కాయలు స్పష్టంగా కనిపిస్తే, మిగతావి కాయలేనని కన్ను తానే నమ్మేస్తుంది. నేను ప్రతి కాయకూ సమానంగా వెలుగూ నీడా ఇచ్చి కుప్ప ఆకారాన్ని పాడుచేశాను.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లకు ఈ వెసులుబాటు ఉండదు. ఇనుప తుప్పు, బెల్లం నీళ్లు పులియబెట్టి చేసే కసిమి కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద పడిందంటే నల్లబడి నాటుకుపోతుంది, చెరపడం ఉండదు. చింత బొగ్గుతో గీసుకున్నప్పుడే అంతా తేల్చుకోవాలి. మనది యాక్రిలిక్ కాబట్టి నేను నూట ముప్పై కాయల మీదా పూత పూసేసి మళ్లీ మొదలుపెట్టాను.

రెండోసారి చేసిన పద్ధతి ఇది. ముందు కుప్పంతటికీ మూడే పచ్చలు. ఎండ పడిన చోట లెమన్ యెల్లోలో చిటికెడు అల్ట్రామెరైన్, కొంచెం వైట్. వాలు మీద అదే రంగు వైట్ లేకుండా. ముదురు చోట లెమన్ యెల్లోలో చిటికెడు బ్లాక్. పసుపులో నలుపు కలిపితే బూడిద రాదు, ముదురు ఆలివ్ పచ్చ వస్తుంది. మామూలుగా పసుపు నీడలకు ఇదొక తలనొప్పి, తోతాపురి కాయకు మాత్రం వరం. ఈ బొమ్మ మొత్తంలో బ్లాక్ ట్యూబు తెరిచింది దీనికొక్కదానికే.

ఆ మూడు ముక్కలు ఆరాక, అర అంగుళం కుంచెను అడ్డంగా నొక్కి తిప్పితే ఒక్క దెబ్బకు ఒక కాయ ఆకారం పడుతుంది. వాటిని వరసగా పెట్టకుండా గుంపులుగా పెట్టాను. కాయల మధ్య సందుల్లో ముదురు రంగు చుక్కలు, అవీ అన్ని సందుల్లో కాదు. ముందు అంచున ఉన్న ఆరు కాయలకే చిలకముక్కు, మెరుపు, రెండిటికి భుజం దగ్గర పలచగా క్రిమ్సన్. అప్పుడు తాళం తీసి సన్న కుంచె బయటకు తీశాను. ఒక్క పూటలో పని అయిపోయింది.

మనిషి, తువ్వాలు

నీడలో ఉన్న తెలుపును తెల్లగా వేస్తే అది లైటు వేసినట్టు వెలుగుతుంది. వైట్‌లో అల్ట్రామెరైన్, వేలిగోరంత సియెన్నా కలపండి. పలక మీద మరీ మురికిగా అనిపిస్తుంది, భయపడకండి. చుట్టూ చీకటి ఉంటే అదే తెల్ల తువ్వాలవుతుంది. మనిషిని ఐదారు పెద్ద ముక్కల్లో వేశాను. మోకాలి మడత, పాదం అంచు, ఇవి రెండే స్పష్టం.

మధ్యలో విసుగు పుడుతుంది

నాలుగో ఆదివారానికి బొమ్మ పరమ వికారంగా ఉంటుంది. అందరికీ ఉంటుంది. ఆ రోజు దిద్దకండి. గోడవైపు తిప్పి పెట్టేసి రెండు మూడు రోజులు చూడొద్దు. తర్వాత తలకిందులుగా పెట్టి చూడండి, అద్దంలో చూడండి, ఫోన్లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చిట్టి బొమ్మ పక్కన పెట్టండి. నాకు దొరికింది ఇది: నేల మరీ లేతగా వేశాను, చూపు మనిషి మీదికి పోకుండా నేల మీదే ఆగిపోతోంది. సియెన్నా పలచటి పూత ఒకటి వేస్తే సరిపోయింది.

వార్నిష్‌కు ముందు తెలిసినవాళ్లకు చూపించండి

తెలిసినవాళ్లంటే చిత్రకారులు కాదు, ఆ వస్తువుతో రోజూ బతికేవాళ్లు. డ్రైవరు నంబరు తీసుకున్నాను కాబట్టి వాట్సాప్‌లో ఫోటో పంపాను. తన గురించి ఒక్క ముక్క అనలేదు. కాయల గురించీ అనలేదు. "లోడు బండి టైరు అట్ట గుండ్రంగా ఉండదు సామీ, కిందికి అణుగుతాది" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

ఆ రోజు తీసిన ఫోటో మళ్లీ చూస్తే నిజమే. బరువు గురించి ఆరు ఆదివారాలు కష్టపడి, టైర్లను మాత్రం ఖాళీ బండివిలా గుండ్రంగా వేసేశాను. రెండు టైర్ల అడుగునా నేల రంగు పైకి తెచ్చి చదును చేసి, పక్కలకు కాస్త ఉబ్బించాను. పది నిమిషాల పని.

తర్వాత వారం రోజులు ఆరనిచ్చి, మెత్తటి బట్టతో దుమ్ము తుడిచి, యాక్రిలిక్ వార్నిష్ పలచగా రెండు పూతలు వేశాను. మొదటిది అడ్డంగా, అది పూర్తిగా ఆరాక రెండోది నిలువుగా. ఫ్రేముకు అద్దం అక్కర్లేదు. ఫోటో తీయాలంటే ఎండలో పెట్టకుండా వరండా నీడలో, ఫ్లాష్ లేకుండా తీయండి. మెరుపు పడదు, రంగులు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి.