అమెరికా పెట్టెలో ఆవకాయ సరే, కరివేపాకు వద్దు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవారి పెట్టెలు సర్దడం మా ఇంట్లో నా పని. మా వీధివారివీ, ఒంగోలులో ఉన్న వియ్యంకులవీ కూడా నేనే సర్దుతాను. నెల్లూరు దాటి చెన్నై దారి పట్టాక "పచ్చడి ఎక్కడ పెట్టారు?" అని ఫోను చేసేవాళ్లతో విసిగిపోయి ఇది రాస్తున్నాను.

కావలసినవి: వేలాడదీసి తూచే చిన్న కాటా, జిప్ కవర్లు, వెడల్పు మూత ప్లాస్టిక్ డబ్బాలు, టేపు, మార్కర్ పెన్ను. గాజు సీసాలు వద్దంటే వద్దు. స్టీలు డబ్బా గట్టిదే కానీ, దాని బరువుకు బదులు అర కిలో గోంగూర పడుతుంది.

పచ్చడి మీద తేరిన నూనె తీసేసి, డబ్బా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టండి. పైన ఇంగ్లీషులో 'మ్యాంగో పికిల్' అని రాయండి. 'ఆవకాయ' అని రాస్తే అక్కడి అధికారికి ఏం తెలుస్తుంది? పచ్చడిని ద్రవంగానే లెక్కిస్తారు, చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటకూడదు. అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులకూ చేతిసంచిలో చిక్కే. కాబట్టి కందిపొడి, కారం అన్నీ పెద్ద పెట్టెలోకే.

కోడి, మేక మాంసం పచ్చళ్లు పక్కన పెట్టేయండి. ఎండు రొయ్యలు, ఎండు చేపలు ఇంటివాడకానికైతే సాధారణంగా రానిస్తారు. చేపల పులుసు తెమ్మని అడిగే అల్లుడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. అక్కడివారికి చేపతో పేచీ లేదు, ఒక రోజంతా పెట్టెలో ఊగే పులుసుతోనే నాకు పేచీ. మొలగొలుకుల బియ్యం కూడా వద్దు. ఖప్రా అనే ధాన్యపు పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని అమెరికా 2011 నుంచి ఆపేసింది. ఎండుకొబ్బరి చిప్పలు తమంతట తామే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉన్నాయి, వాటిని ఇక్కడే తీయిస్తారు.

ఇంతవరకూ ఎవరైనా చేయగలరు. అసలు కష్టం పెట్టెకు తాళం వేసే ముందటి గంటలో ఉంది.

బంధువులు వస్తారు. ఒకరు దోసపాదు విత్తనాలు, ఒకరు తులసి మొక్క, ఒకరు చెట్టున కోసిన మామిడికాయలు తెస్తారు. మొక్కకూ విత్తనాలకూ మన వ్యవసాయ అధికారుల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, వేళ్లకు అంటిన మట్టి ససేమిరా కుదరదు. ఓసారి మా ఆడపడుచు "నాలుగు రెబ్బలే కదా వదినా, ఎవరు చూస్తారు?" అంటూ కరివేపాకును తడిగుడ్డలో చుట్టి, నాకు తెలియకుండా పట్టుచీర మడతలో దూర్చింది. అక్కడ దిగాక ఓ చిన్న కుక్క వచ్చి నా పెట్టె పక్కన బుద్ధిగా కూర్చుంది. దానికి నేర్పిన సైగే అది. పట్టుచీర బల్లమీద పరిచారు. 300 డాలర్లు కట్టాను.

కరివేపాకుపై అంత కక్ష ఎందుకంటే, అది నిమ్మ కుటుంబం చెట్టు. నిమ్మజాతి తోటలను ఎండగొట్టే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగు దానిమీద బతుకుతుంది. 2005లో ఫ్లోరిడాలో బయటపడిన ఆ తెగులు అక్కడి నారింజ తోటలను కుదేలు చేసింది. గూడూరు, పొదలకూరు నిమ్మరైతులకు ఈ భయం వేరే చెప్పక్కరలేదు. నేనైతే పచ్చడి తాలింపులో కూడా కరివేపాకు వేయను.

అందుకే నా నియమం: చివరి గంటలో పెట్టెను నేనే తెరిచి, చీరలన్నీ దులిపి, మళ్లీ సర్ది, తాళంచెవి నా కొంగుకు ముడేసుకుంటాను. చుట్టాలు చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ. తెచ్చిన ప్రతిదానికీ జాబితా రాసుకోండి.

దిగాక తిండి పదార్థాలున్నాయా అని ఫారంలో అడిగినా, నోటితో అడిగినా "ఉన్నాయి" అనండి. "పప్పులు, పచ్చళ్లే కదా" అని "లేవు" అనేవాళ్లే ఇరుక్కుంటారు. చెప్పి చూపించినది పనికిరానిదైతే తీసి పారేస్తారు, జరిమానా ఉండదు. దాచితేనే ఉంటుంది. జాబితా అధికారి చేతికిచ్చి ఊరుకోండి, ఆవకాయ విశిష్టత వివరించకండి.

పెట్టె పైజేబులో ఇంకో టేపు చుట్ట ఉంచుకోండి. వాళ్లు కోసిన టేపును వాళ్లు మళ్లీ అంటించరు.