ట్రాక్టరు ట్రాలీలో పవర్ టిల్లర్, రోటవేటర్, నాటు యంత్రం దెబ్బతినకుండా తీసుకెళ్లడం ఎలా?

ఉభాలు (వరి నాట్లు) మొదలయ్యాయంటే యంత్రాలు ఊరూరూ తిరుగుతాయి. అద్దెకు తెచ్చిన నాటు యంత్రం పొద్దున రాజాం దగ్గర ఉంటే సాయంత్రానికి చీపురుపల్లి వైపు వెళ్లాలి. జాతీయ రహదారి మీద నడక బాగానే ఉంటుంది. చిలకపాలెం నుంచి రాజాం, బొబ్బిలి మీదుగా రామభద్రపురం వెళ్లే దారిలాంటి వాటి మీదా, వాటి నుంచి చీలి ఊళ్లలోకి పోయే తారు లేచిన రోడ్ల మీదా వానాకాలం గుంతల లోతు తెలియదు. యంత్రం పాడయ్యేది అక్కడే. దుక్కిలో వచ్చే బరువును మోయడానికే దాన్ని తయారుచేశారు. ఆగి ఉన్న స్థితిలో గంటసేపు కిందా మీదా ఎగరడానికి కాదు.

అందుకే ఎంత గట్టి తాడు వాడామన్నది తరువాతి సంగతి. యంత్రానికీ ట్రాలీ తొట్టికీ మధ్య వేలెడు కదలిక కూడా లేకుండా చూడటం ముఖ్యం. ఆ కొద్ది వదులే ప్రతి గుంతకూ సుత్తి దెబ్బ అవుతుంది.

బయలుదేరే ముందు రోజు

తొట్టి నేల చూడండి. రేకు చిల్లులు పడినా, కొక్కేలు వెల్డింగ్ దగ్గర చీలినా ముందే బాగుచేయించండి. నేల మీద మట్టి, ఊక, నూనె మరకలు ఉంటే కడిగి ఆరనివ్వండి. తడి రేకు మీద టైరు జారుతుంది.

ఇవి దగ్గర పెట్టుకోండి: 50 మిల్లీమీటర్ల వెడల్పున్న రాట్చెట్ బెల్టులు (పళ్ల చక్రంతో బిగించేవి) 4, అదనంగా ఒకటి, నాలుగంగుళాల మందం సరుగుడు లేదా నీలగిరి దిమ్మలు 6, పాత టైరు ముక్కలు, ఇసుక బస్తాలు 8, పాత సైకిల్ ట్యూబులు. బెల్టు చీటీ మీద రెండు అంకెలుంటాయి. ఒకటి తెగే బరువు, ఇంకొకటి పనిలో వాడదగిన బరువు. లెక్క రెండో అంకెతోనే వేయాలి. నైలాన్ తాడు లాగినకొద్దీ సాగుతుంది, ముడి జారుతుంది. పైన కప్పిన పట్టా కట్టడానికి సరిపోతుంది గానీ, యంత్రాన్ని పట్టి ఉంచడానికి కాదు.

ఎంత బలం కావాలి? సడన్ బ్రేకు వేస్తే యంత్రం తన బరువులో సుమారు 80 శాతం బలంతో ముందుకు నెడుతుందని, పక్కలకూ వెనక్కూ సగం బరువంత బలం వస్తుందని లెక్క వేసుకోవాలి. 450 కిలోల పవర్ టిల్లర్ అయితే ముందుకు 360 కిలోలు, పక్కకు 225 కిలోలు. బెల్టు ఏటవాలుగా ఉన్నప్పుడు దాని బలమంతా అటువైపు పనిచేయదు కాబట్టి, దీనికి రెట్టింపు పైన ఉండేలా చూసుకోండి.

ఎక్కించడం

తొట్టి ఎత్తుకు కనీసం నాలుగు రెట్ల పొడవు పలకలు కావాలి. రెండున్నర అడుగుల ఎత్తుకు పది అడుగులు. పలకల పై చివర కొక్కెం తొట్టికి తగిలించి, జారకుండా కట్టండి. ట్రాలీ చక్రాలకు అడ్డు పెట్టి, ట్రాక్టరు హ్యాండ్‌బ్రేకు వేశాకే మొదలుపెట్టండి.

యంత్రంలో బరువైన వైపు ఎత్తు మీద ఉండాలి. కూర్చుని నడిపే నాటు యంత్రానికి వెనుక నాటే భాగం బరువు కాబట్టి అది వెనక్కు ఎక్కాలి, ముందుకు దిగాలి. పవర్ టిల్లర్‌ను ఒకటో గేరులో ముందుకు ఎక్కించి, రివర్స్‌లో దించండి. పలకల మీద స్టీరింగ్ క్లచ్ (పక్కకు తిప్పడానికి పిడి దగ్గరుండే మీట) అసలు పట్టుకోకూడదు. వాలులో దిగేటప్పుడు ఎడమ క్లచ్ పట్టుకుంటే ఎడమ చక్రానికి ఇంజన్ పట్టు పోయి అది వేగంగా దొర్లుతుంది, యంత్రం కుడికి తిరిగి పలక మీంచి పడుతుంది. దారి తప్పుతున్నట్టు అనిపిస్తే కిందికి దించి మళ్లీ సూటిగా పెట్టుకోండి.

ఎక్కడ నిలపాలి?

రెండు చక్రాల ట్రాలీ అయితే ఇరుసుకు కొంచెం ముందు. వెనక్కు పెడితే హుక్ పైకి లేస్తుంది, ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు తగ్గుతుంది. పైగా తొట్టిలో అన్నిటికంటే ఎక్కువ ఎగిరేది ఆ వెనుక కొసే. మరీ ముందుకు పెడితే హుక్ మీద బరువు పెరిగి, గెడ్డ దాటి కల్వర్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి.

టన్నులు మోసే ట్రాలీ స్ప్రింగు పట్టీలు 160 కిలోల నాటు యంత్రానికి కిందికి వంగనే వంగవు. తేలిక సామాను అని వేగంగా పోతారు, దెబ్బ మొత్తం యంత్రమే తింటుంది. ఎనిమిది ఇసుక బస్తాలు ఇరుసు మీద చుట్టూ పేర్చండి. ట్రాలీ కుదురుతుంది, బస్తాలే అడ్డుగానూ ఉంటాయి.

కట్టే పద్ధతి

గేరులో పెట్టి, బ్రేకు వేసి, నాలుగు వైపులా చక్రాలకు దిమ్మలు అడ్డు పెట్టండి. తరువాత నాలుగు మూలలకు నాలుగు వేరువేరు బెల్టులు. ఒకటే బెల్టు చుట్టూ తిప్పితే ఒకచోట వదులైనా మొత్తం వదులే. బెల్టు సుమారు 45 డిగ్రీల వాలులో, వెనుక జత ఒకదాన్నొకటి దాటేలా ఉంటే పక్కలకు ఊగదు. గాలికి కొట్టుకోకుండా బెల్టుకు ఒక మెలిక వేయండి. ఇనుప అంచు తగిలేచోట టైరు ముక్క పెట్టండి.

బెల్టు చాసిస్‌కు, ఇరుసుకు, ఇంజన్ కింది ఫ్రేముకు వేయాలి. పవర్ టిల్లర్ పిడులకు వేస్తే పిడి వంగుతుంది, క్లచ్ కేబుల్ సర్దుబాటు పోతుంది. స్టీరింగ్ రాడ్, హైడ్రాలిక్ సిలిండర్ రాడ్, రేకు మూతలు, సైలెన్సర్, నాటే చేతులు వీటికి ఎప్పుడూ వేయకండి. గాలి టైర్లున్న యంత్రానికి టైర్లు కొద్దిగా అణిగేదాకా బిగించాలి. లేకపోతే గుంత దగ్గర టైరు అణిగి, బెల్టు వదులై, కొక్కెం ఊడుతుంది.

రోటవేటర్ సంగతి వేరు. ఆగి ఉన్న బేరింగ్‌లో గుళ్లు ఒకేచోట అదురుతూ ఉంటే మధ్యనున్న గ్రీజు పక్కకు పోతుంది, రేసు (గుళ్లు దొర్లే కడియం) మీద సన్నటి గుంటలు పడతాయి. ఆ రోజు ఏమీ తెలియదు. నెల పోయాక హోరు మొదలవుతుంది, ఎవరూ ప్రయాణాన్ని అనుమానించరు. అందుకే బ్లేడ్లు తొట్టి నేలకు తగలకుండా, బరువంతా పక్క ఫ్రేము మీద పడేలా రెండు దిమ్మల మీద కూర్చోబెట్టండి. వెనుక రేకును గొలుసుతో ఎత్తి కట్టండి. పీటీవో షాఫ్ట్ (ట్రాక్టరు ఇంజన్ తిప్పుడును రోటవేటర్‌కు అందించే కడ్డీ) ఊడదీసి గోనెలో చుట్టి విడిగా పెట్టండి. బిగించి వదిలేస్తే దారిలో రెండు భాగాలూ జారి విడిపోవచ్చు.

రోటవేటర్‌ను ట్రాక్టరు వెనుక ఎత్తుకునే దగ్గరి ఊరికి పోతుంటే పీటీవో ఆపి, పక్క గొలుసులు బిగించి, నేల నుంచి అడుగు ఎత్తులో ఉంచండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర దాదాపు ఆగి దాటండి. ఆ బరువును పట్టి ఉంచేది లిఫ్ట్‌లోని నూనే.

చిన్నవే, కానీ మరిచిపోయేవి

ఇంధనం కాక్ కట్టేయండి. ట్యాంకు సగానికి మించకపోతే మూత దగ్గర కారదు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. రబ్బరు గొట్టాలు ఒకదాన్నొకటి రాసుకునేచోట సైకిల్ ట్యూబు చుట్టండి. గొట్టం అరిగి చిల్లు పడటానికి 40 కిలోమీటర్ల రాపిడి చాలు. వాన ఉంటే సైలెన్సర్ మూతికీ, గాలి వడపోతకూ ప్లాస్టిక్ సంచి కట్టి, స్టార్ట్ చేసే ముందు తప్పక తీయండి.

ఇంజన్‌ను పక్కకు పడుకోబెట్టకండి. నూనె సిలిండర్‌లోకి చేరితే, ఆ స్థితిలో స్టార్ట్ చేసినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఎప్పుడైనా అలా ఒరిగితే నిలబెట్టి, ప్లగ్ లేదా ఇంజెక్టర్ తీసి, చేత్తో కొన్ని చుట్లు తిప్పి నూనె బయటికి పంపాకే స్టార్ట్ చేయాలి.

కోత యంత్రాన్ని లారీ మీద తెస్తుంటే ముందు కట్టర్ భాగాన్ని దిమ్మల మీదకు దించండి, గింజలు పోసే గొట్టాన్ని మడిచి పిన్ను వేయండి. ఊరి మొదట్లో కరెంటు తీగల ఎత్తు దిగి చూసుకోండి.

దారిలో, దిగాక

మొదటి 5 కిలోమీటర్లకు ఆగండి. కట్టు సర్దుకునేది అప్పుడే, రాట్చెట్ రెండు మూడు పళ్లు బిగుస్తుంది. తరువాత ప్రతి చెడ్డ రోడ్డు దాటాక మళ్లీ చూడండి. మంచి రోడ్డులో 25, గతుకుల్లో 10 కిలోమీటర్ల వేగం చాలు. సాలూరు ఘాట్ వైపు పోయేవారు దిగేటప్పుడు చిన్న గేరులోనే ఉండాలి. చీకటిపడితే తొట్టి వెనుక ఎర్ర దీపం, మెరిసే టేపు ఉండాలి.

దించాక వెంటనే పనిలో పెట్టకండి. బ్లేడ్ బోల్టులు, చక్రాల నట్లు స్పానర్ వేసి చూడండి. గేరుబాక్స్ కింద నూనె చుక్కలున్నాయా, నూనె మట్టం సరిగా ఉందా గమనించండి. గ్రీజు నిపుల్స్‌లో కొత్త గ్రీజు పాతదాన్ని బయటికి తోసేదాకా కొట్టండి. ఇంజన్ ఐదు నిమిషాలు తక్కువ వేగంలో నడిచాక, రోటర్‌ను మెల్లగా తిప్పి బేరింగ్ దగ్గర శబ్దం వినండి. కళింగపట్నం, భావనపాడు తీరం వైపు నుంచి తిరిగి వస్తే మంచినీళ్లతో కడిగి, ఆరాక బ్లేడ్లకూ పిన్నులకూ నూనె పూసి ఉంచండి.