ఆరు లక్షలకే డిస్కవరీ: తెల్లారేసరికి కూలబడితే ఎక్కడ వెతకాలి

రొయ్యల గుంటల గట్ల మీద తిరిగేవాళ్లకు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు రోజూ వెళ్లొచ్చేవాళ్లకు పాత ల్యాండ్ రోవర్ డిస్కవరీ మీద ఒక మోజు ఉంటుంది. కొత్తలో అర కోటి చుట్టూ పలికిన బండి ఇప్పుడు ఆరేడు లక్షలకు వస్తానంటే చెయ్యి ఆగదు మరి. అంత చవగ్గా రావడానికి ఒక కారణం ఢిల్లీ. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) అంది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. అలా అక్కడ కదలని బండ్లు ఎన్‌ఓసీ (వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం) పట్టుకుని మన వైపు దిగాయి. రెండో కారణం రిపేరు ఖర్చు. బండి ధర పడిపోయినా స్పేర్ పార్టు ధర పడదు. మీరు కొన్నది ఆరు లక్షల బండే, అందులో వేసే పార్టు మాత్రం అర కోటి బండిది.

ఇక్కడ రాస్తున్నది డిస్కవరీ 3, డిస్కవరీ 4 గురించి. 2.7 లీటర్లు, 3.0 లీటర్ల వీ6 డీజిల్ ఇంజన్లు వాటిలో ఉంటాయి. చదివేముందు ఒకటి గుర్తుంచుకోండి: ఈ బండిలో డ్యాష్‌బోర్డు వార్నింగ్ లైటు చూపిన చోటే తప్పు ఉండాలని లేదు. పది రూపాయల కారణం నుంచి మొదలుపెట్టి పదివేల కారణం దాకా వెళ్లాలి. చాలామంది మెకానిక్కులు దాన్ని తిరగేసి చేస్తారు, బిల్లు మనం కడతాం.

పొద్దున చూస్తే బండి ఒక మూల కుంగిపోయి ఉంది

ఒంగోలు గిత్తను కొనేవాడు ముందు పళ్లు చూస్తాడు, తర్వాత నడిపించి చూస్తాడు. ఈ బండిని మాత్రం పడుకున్నప్పుడు చూడాలి. "రాత్రంతా కదపొద్దు, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని అమ్మేవాడికి ముందే చెప్పి తెల్లవారే వెళ్లండి. వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉందంటే, మీకంటే ముందే ఎవరో బండిని లేపి నిలబెట్టారని అర్థం.

స్టీలు స్ప్రింగుల బదులు నాలుగు చక్రాల దగ్గరా గాలి నింపిన రబ్బరు తిత్తులు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు మడతల దగ్గర సన్నగా పగుళ్లు వస్తాయి. ఒక్క మూలే కుంగితే ఆ చక్రం తిత్తిని, దానికి వెళ్లే ట్యూబు జాయింటును అనుమానించండి. ముందు మూలలు రెండూ కలిసి దిగితే ముందువైపు వాల్వ్ బ్లాక్ (తిత్తులకు గాలి పంపే వాల్వుల దిమ్మ) కూడా లెక్కలోకి వస్తుంది. నాలుగూ కొద్దిగా, సమానంగా దిగితే కంగారు పడక్కర్లేదు. ఆపి ఉంచిన బండి మధ్యమధ్యలో తనంతట తానే లెవెల్ సరిచేసుకుంటుంది.

కంటితో తేల్చొద్దు, టేపు పెట్టండి. రాత్రి ఆపగానే చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలిచి, నాలుగూ కాగితం మీద రాసుకోండి. పొద్దున మళ్లీ కొలవండి. తేడా వచ్చిన మూల దొరికాక బండిని ఆఫ్‌రోడ్ ఎత్తుకు లేపి, గిన్నెలు తోమే సబ్బునీళ్లు స్ప్రే సీసాలో పోసి తిత్తి మడతల మీద కొట్టండి. కారే చోట చిన్న చిన్న బుడగలు పుట్టుకొస్తూ ఉంటాయి, చేపల గుంటలో ఊపిరి తీసినట్టు. ఇది చేసేటప్పుడు స్టాండ్లు పెట్టకుండా బండి కిందికి తల పెట్టొద్దు. తిత్తిలో గాలి పోతే రెండున్నర టన్నుల బండి చెప్పకుండానే దిగుతుంది.

పగిలిన తిత్తికి ప్యాచ్ ఉండదు, మార్చాల్సిందే. ముందు చక్రాల తిత్తులు రెండూ జతగా మార్చడం మంచిది, రెండోదానికీ అదే వయసు కదా. అసలు డబ్బు పోయేది ఇంకోచోట. తిత్తి కారుతుంటే బండిని నిలబెట్టడానికి వాటిలో గాలి నింపే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. లైటు వెలిగేది అప్పుడే. మెకానిక్ కంప్రెసర్ మారుస్తాడు, కొన్నాళ్లకు కొత్తదీ పోతుంది. కారేది ఆపకుండా కంప్రెసర్ మార్చడం చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. కంప్రెసర్ జోలికి వెళ్లేముందు దాని రిలే (కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చి ఆపే చిన్న స్విచ్) మార్చి చూడండి, అది చవక సామాను. రిలే లోపల అతుక్కుపోతే కంప్రెసర్ ఆగదు, వేడెక్కి పోతుంది.

గాలి తిత్తులు తీసేసి మామూలు స్ప్రింగులు వేయిస్తామనేవాళ్లు ఉంటారు. నన్నడిగితే గుంటల గట్టు మీద రోజూ తిరిగే బండికి అది తప్పేమీ కాదు. కాకపోతే ఎత్తు పెంచే సౌకర్యం పోతుంది, మళ్లీ అమ్మేటప్పుడు బేరం తగ్గుతుంది.

డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒకేసారి వెలిగాయి

సస్పెన్షన్ ఫాల్ట్, గేర్‌బాక్స్ ఫాల్ట్, దిగుడు కంట్రోల్ (వాలు దిగేటప్పుడు వేగాన్ని అదుపు చేసేది) ఫాల్ట్ అన్నీ ఒక్కసారే వస్తే టెన్షన్ పడకండి. ఇన్ని ఒకే నిమిషంలో పాడవవు. మొదటి అనుమానం బ్యాటరీ. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో మల్టీమీటర్ 12.6 వోల్టుల దగ్గర చూపాలి, ఇంజన్ నడుస్తుంటే 14 చుట్టూ ఉండాలి. డబ్బు మిగులుతుందని చిన్న కారు బ్యాటరీ పెట్టిన బండ్లు చాలా చూశాను. స్టార్ట్ అవుతుంది, కానీ తిప్పే క్షణంలో వోల్టేజీ పడిపోయి కంప్యూటర్లు ఒకదాని మీద ఒకటి ఫిర్యాదు రాస్తాయి. నెగటివ్ కేబుల్ బాడీకి కలిసే చోట తుప్పు కూడా చూడండి. కొత్తపట్నం, మైపాడు వైపు సముద్రపు గాలికి అది త్వరగా పడుతుంది.

బ్యాటరీ బాగుంటే తర్వాతది బ్రేక్ లైట్ స్విచ్. పెడల్ దగ్గర ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క. అది తప్పుడు సంకేతం ఇస్తే సస్పెన్షన్ నుంచి దిగుడు కంట్రోల్ దాకా అన్నీ అలుగుతాయి. ఈ స్విచ్ మారిస్తే పోయే జబ్బుకు కంప్యూటర్ మాడ్యూల్ కొనిపించిన కథలు విన్నాను. ఫాల్ట్ కోడ్ చదవడానికి బండి కంప్యూటర్‌కు తగిలించే మామూలు ఓబీడీ రీడర్ చాలదు, ఇంజన్ తప్ప మిగతావి దానికి కనిపించవు. ల్యాండ్ రోవర్ మాడ్యూళ్లన్నీ చదివే స్కానర్ ఉన్నచోటికే వెళ్లండి. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లాల్సి వచ్చినా సరే, ఆ ప్రయాణం గిట్టుబాటే.

పార్కింగ్ బ్రేక్ కీచుమంటోంది

స్విచ్ లాగగానే వెనక నుంచి గొంతు పిసికిన అరుపు వస్తే మళ్లీ లాగొద్దు. వెనక డిస్కుల లోపల చిన్న బ్రేక్ షూలు ఉంటాయి. బురద, ఇసుక చేరి, సర్దుబాటు తప్పి, బ్రేకును లాగే మోటారు హద్దు దాటి లాగుతోందన్నమాట. డిస్కులు విప్పి కడిగించి షూలు సర్దుబాటు చేయించండి. గుంటల బురదలో తిరిగే బండికి ఇది ఏడాదికోసారి తప్పదు.

ఎండలో టెంపరేచర్ ముల్లు లేస్తోంది

ముందు రేడియేటర్ ముఖం చూడండి. గ్రానైట్ దుమ్ము, పురుగులు, ఎండుటాకులు కలిసి అట్ట కట్టి ఉంటాయి. తర్వాత కూలెంట్ దారి. ప్లాస్టిక్ పైపులు, థర్మోస్టాట్ హౌసింగ్ వయసుతో చిట్లుతాయి. చిట్లిన చోట ఎండిన కూలెంట్ చార కనిపిస్తుంది. ఇంజన్ వేడిగా ఉండగా మూత తెరవొద్దు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఒక మే నెలలో పొదిలి దగ్గర నా పాత బండి వేడెక్కితే రోడ్డు పక్క బోరు నీళ్లు పోశాను. ముల్లు దిగింది. అలవాటైపోయి ఆ వేసవంతా అవే పోశాను. మా పొదిలి వైపు బోరు నీళ్లు ఎంత చౌటివో, బిందెకు పట్టే తెల్ల పొర చూస్తే తెలుస్తుంది. అదే పొర రేడియేటర్ లోపలా పట్టింది, చివరికి రేడియేటరే మార్చాను. బండి పుస్తకంలో చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. వేరే రంగుది కలపొద్దు.

ఇంజన్ కింద నుంచి టకటక

ఇక్కడ పరిష్కారం రాయడం లేదు, కొనొద్దనే చెబుతున్నాను. ఈ వీ6 డీజిల్ ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే పెద్ద ఇరుసు) బేరింగ్ తిరిగిపోవడం, ఆ ఇరుసే విరగడం తెలిసిన జబ్బు. అమ్మేవాడు ఒప్పుకుంటే ఆయిల్ ఫిల్టర్ తీయించి మడతలు విప్పి ఎండలో చూడండి. జరీ పొడిలా మెరిస్తే కాఫీ తాగి వచ్చేయండి. బాగున్న ఇంజన్ దొరికితే పది వేల కిలోమీటర్లకు మించి ఆయిల్ మోయించకండి.

టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వులు వేళ తప్పకుండా చూసే రబ్బరు బెల్టు) మార్చిన బిల్లు చూపకపోతే మార్చలేదనే లెక్క. కిలోమీటర్లు తక్కువ తిరిగిందంటారు, రబ్బరుకు ఏళ్లూ లెక్కే. ఏడేళ్లు దాటితే నేనైతే ఆగను. ముందు బెల్టు ఒక్కటే కాదు, ఇంజన్ వెనక డీజిల్ పంపును తిప్పే బెల్టు ఇంకోటి ఉంది. దాన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. తొలి 2.7 ఇంజన్లలో బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బిగించే ఆయిల్ పంపు అంచు విరిగి బెల్టు ఊడిన సందర్భాలున్నాయి కాబట్టి, విప్పినప్పుడే ఆ పంపు సంగతి కూడా చూడమనండి.

అరవై, డెబ్బైలో వెళ్తుంటే సన్నగా వణుకు

గతుకుల మీదుగా వెళ్తున్నట్టు ఉంటుంది, రోడ్డు మాత్రం నున్నగా ఉంటుంది. గేర్‌బాక్స్ ఆయిల్ పాతబడితే వచ్చే జబ్బిది. జీవితాంతం మార్చక్కర్లేదన్న మాట నమ్మొద్దు. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయే మార్చమంటుంది. సరైన ఆయిల్, ఫిల్టర్‌తో కలిసి ఉండే ప్లాస్టిక్ సంప్ (ఆయిల్ నిలిచే తొట్టి) రెండూ కొత్తవి వేయాలి.

కాగితాల్లో తేడా

ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే ముందు అది తీయించాలి. బయటి రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ అడగండి, చలాన్లు చూడండి. ఆంధ్రకు మార్చేటప్పుడు లైఫ్ ట్యాక్స్ మీరిచ్చిన ఆరు లక్షల మీద వేయరు, బండి అసలు ధర, వయసు చూసి వేస్తారు. ఆర్‌టీఓ ఆఫీసులో ఆ అంకె కనుక్కున్నాకే బేరానికి కూర్చోండి. పదిహేనేళ్లు దగ్గరపడిన బండైతే రెన్యూవల్ ఖర్చూ కలుపుకోండి.

లోపల చెమ్మ వాసన

మ్యాట్లు ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. కార్తీక మాసం వానల తర్వాత ముందు సీటు కింద తడి ఉంటే చాలాసార్లు కారణం సన్‌రూఫ్ మూలల్లోని నీటి గొట్టాలు. ఆకులు అడ్డుపడితే నీళ్లు లోపలికి దిగుతాయి. మెత్తటి నైలాన్ దారం దూర్చి శుభ్రం చేస్తే పోతుంది.

అలా పోకపోతే వరద బండేమోనని అనుమానించండి. 2015 డిసెంబరులో చెన్నైలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. అలాంటివి కడిగి, పాలిష్ కొట్టి పొరుగు జిల్లాలకు వస్తాయి. నెల్లూరులో ఒకాయన దగ్గర తెల్లటి బండి చూడ్డానికి వెళ్లాం. సీట్లు కొత్త తోలు, లోపలంతా సెంటు వాసన. మా బావ డ్రైవరు సీటు బెల్టును పట్టుకుని చివరిదాకా లాగాడు. మొదటి రెండడుగులు శుభ్రంగా ఉన్నాయి. ఆ తర్వాతి పట్టీ అంతా బూడిద రంగు, గోకితే సన్నటి ఒండ్రు పొడి గోరుకు అంటింది. "దుమ్ము సార్ అది, మన రోడ్లు తెలిసినవే కదా" అన్నాడాయన. బావ బెల్టు వదిలేశాడు. అది లోపలికి పోలేదు, సగంలోనే ఆగిపోయింది.