వేసవిలోనూ రక్తనిధి ఖాళీ కాకుండా శిబిరాలు ఏర్పాటు చేయడం ఎలా

రక్తదాన శిబిరం తలపెట్టినవారు హాలు, బ్యానరు సంగతి చూసుకునే ముందు క్యాలెండరు చూసుకోవాలి. ఎర్ర రక్తకణాలు, సంచిలో కలిపే ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులే నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్ల గడువు 5 రోజులే. అందువల్ల నాయకుని పుట్టినరోజున వందలమంది చేత ఒకేసారి రక్తం ఇప్పిస్తే ఫొటోలు బాగానే వస్తాయి గానీ, రెండు నెలలు తిరిగేసరికి ఆ ఎర్రకణాల సంచుల్లో వాడదగినది ఒక్కటీ ఉండదు.

శిబిరాలకు పెద్ద దిక్కయిన కళాశాలలకు ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు, సెలవులు కావడంతో కొరత అప్పుడే మొదలవుతుంది. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు మాత్రం ఏ కాలమైనా రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసిందే. కాబట్టి విద్యార్థుల శిబిరాలను వానాకాలానికి, శీతాకాలానికి ఉంచి, వేసవి భారాన్ని కార్యాలయాలకు, కర్మాగారాలకు, అపార్ట్‌మెంట్ల సంఘాలకు అప్పగించాలి. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి మాత్రమే రక్తం ఇవ్వవచ్చు గనుక, మే 15న శిబిరం పెట్టదలిస్తే అక్కడి పురుషులను ఫిబ్రవరి 14 తరువాత, స్త్రీలను జనవరి 15 తరువాత మరే శిబిరానికీ పిలవకూడదు.

ఎన్ని యూనిట్లు కావాలో, ఏ గ్రూపులు తక్కువగా ఉన్నాయో బ్లడ్ బ్యాంకును ముందే అడిగి, ఆ సంఖ్యకు చేరగానే పేర్ల నమోదు ఆపి, మిగిలినవారికి మరో తేదీ ఇవ్వాలి. వచ్చినవారిని వెనక్కి పంపడం నిర్వాహకులకు కష్టంగానే ఉంటుంది, అయినా తప్పదు.

దాతకు 18 నుంచి 65 ఏళ్ల వయసు, కనీసం 45 కిలోల బరువు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. హిమోగ్లోబిన్ సరిపోతుందో లేదో చూడడానికి చాలా శిబిరాల్లో వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను నీలిరంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేస్తారు. చుక్క మునిగితే సరే, తేలితే ఆ రోజుకు లేనట్టే. అలా ఆగిపోయేవారిలో స్త్రీలు ఎక్కువ. వారిని ఊరికే పంపేయకుండా వైద్యుని దగ్గరకు పంపితే, తరువాతి శిబిరానికి వారే దాతలుగా రావచ్చు.

రిజిస్టరులో పేరు, గ్రూపుతో పాటు చివరిసారి ఇచ్చిన తేదీ కూడా రాయాలి. అరుదైన ఓ నెగటివ్ గ్రూపు వారిని మాత్రం శిబిరంలో అందరితో పాటు కూర్చోబెట్టకుండా, విడిగా జాబితా రాసుకుని, బ్లడ్ బ్యాంకు అడిగిన రోజున ఒక్కొక్కరికే ఫోను చేయడం మేలు.