కొమ్మ కత్తిరించే ముందు గుడ్ల తిత్తిని చూడండి

దామలచెరువు మార్కెట్టుకు తోతాపురి మామిడి చివరి లోడు పోయాక, ఆగస్టులో మా తోటలో ఎండు కొమ్మలు తీయిస్తాం. పాకాల దగ్గరి ఆ రెండెకరాల్లో తీసిన పుల్లలన్నీ చాలా ఏళ్లు కుప్పపోసి కాల్చేశాం. ఒకసారి నిప్పు పెట్టబోతూ చూస్తే, పుల్లలకు ఎండిన నురుగు ముద్దల్లాంటివి పదకొండు అంటుకుని ఉన్నాయి. అవి చీడపురుగులను తినే గొల్లభామ గుడ్ల తిత్తులని తెలిశాక, అంతకుముందు ఎన్నిటిని బూడిద చేశామో తలచుకుని ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

గొల్లభామ గుడ్లు పెడుతూ, తన ఒంటి నుంచి వచ్చే జిగురును పొట్ట చివరితో నురుగులా గిలకొడుతుంది. గుడ్లు వరుసలుగా అందులో ఒదిగిపోతాయి. కాసేపటికి నురుగు బిగిసి, లోపలి గుడ్లు ఎండిపోకుండా కాపాడే పెంకు అవుతుంది. మా తోటలో కనిపించేవి బొటనవేలి కొనంత ఉంటాయి, బెరడు రంగులో కలిసిపోతాయి. అందుకే కత్తెర పట్టే ముందు పుల్లను తిప్పి చూడాలి.

దొరికాక దాని పక్కలు పరిశీలించండి. సూది గుచ్చినట్టు గుండ్రటి రంధ్రాలు చాలా ఉంటే, చిన్న కందిరీగలు ఆ గుడ్లను తినేసి బయటికి వెళ్లాయని అర్థం. నడిమి గీత వెంట పొరలు విచ్చుకుని పలుచని పొట్టు వేలాడుతుంటే, పిల్లలు క్షేమంగా వెళ్లిపోయాయి. ఏ రంధ్రమూ లేకుంటే తిత్తిని గోటితో పెకలించకండి. జానెడు పుల్లతో సహా కత్తిరించి, చీమల బారు లేని కొమ్మకు, నీడలో, మునుపటి వాలులోనే అరటినారతో కట్టండి. ఇంట్లో పిల్లలు ముచ్చటపడినా తిత్తిని సీసాలో పెట్టనివ్వకండి. పదుల సంఖ్యలో బయటికొచ్చే పిల్ల గొల్లభామలు ఇరుకులో ఒకదాన్నొకటి తినేస్తాయి.

వేరుశనగ చేలో మాత్రం ఇంత దయ పనికిరాదు. గట్ల మీద ఎర పంటగా వేసిన ఆముదం ఆకులను అడుగు వైపు తిప్పండి. గోధుమరంగు నూగు ముద్ద కనిపిస్తే అది పొగాకు లద్దె పురుగు గుడ్ల గుంపు. తల్లి తన పొట్ట చివరి వెంట్రుకలనే రాల్చి గుడ్లకు దుప్పటి కప్పుతుంది. శత్రువైనా ఆ పనితనానికి నేను ప్రతిసారీ ఆగి చూస్తాను. గుడ్లను తినే ట్రైకోగ్రామా కందిరీగలకు కూడా ఆ నూగు అడ్డే, అందుకే మన చేతులే నమ్మకం. గుడ్లు మూడు నుంచి అయిదు రోజుల్లో పగులుతాయి కాబట్టి వారానికి రెండుసార్లు గట్టు చుట్టి రావాలి. ముద్ద ఉన్న ఆకును తెంపి సబ్బునీళ్లలో ముంచేయండి.

ఇంటి ముందు మందారం మీద పిండినల్లి గుడ్లుండే దూది సంచులు కనిపిస్తే ఆ రెమ్మనే తీసేయండి.

ఆకు మీద వెంట్రుకలు నిలబెట్టి, వాటి కొనలకు నువ్వుగింజ కన్నా చిన్న గుడ్లు అతికించినట్టు ఉంటే మాత్రం చేయి వెనక్కి తీసుకోండి. చాలామంది బూజనుకుని తుడిచేస్తారు. అవి అల్లిక రెక్కల పురుగువి. తల్లి ఆకుపై ఒక చుక్క జిగురు పెట్టి, పొట్ట పైకెత్తి దారంలా లాగి, దాని మీద గుడ్డు నిలుపుతుంది. కింద తిరిగే చీమలకూ, ముందు పుట్టిన తోబుట్టువులకూ అది సులువుగా అందదు. గుడ్డు పచ్చగా ఉంటే పిల్ల ఇంకా లోపలే ఉంది. తెల్లటి డొల్ల మిగిలితే, ఆ పిల్ల అప్పటికే పక్క ఆకు మీద పేనుబంకను తింటూ ఉంటుంది.