పారిస్-రూబే రేసు టీవీలో చూడాలంటే

పేరులో పారిస్ ఉన్నా, ఫ్రాన్స్‌లో జరిగే ఈ సైకిల్ రేసు 1977 నుంచి కాంపియేన్ పట్టణంలో మొదలవుతోంది. మొత్తం దాదాపు 260 కిలోమీటర్లు. అందులో మొదటి వంద దాకా మామూలు తారు రోడ్డే. పొద్దుటి నుంచే టీవీ ముందు కూర్చుంటే మధ్యలో కునుకు ఖాయం, కాబట్టి ఈలోగా ఇంటి పనులు చక్కబెట్టుకోండి. ముందే జారుకున్న చిన్న గుంపులో ఎవరెవరున్నారో మాత్రం ఒకసారి చూసుకోండి. 2016లో అలా వెళ్లిన మాథ్యూ హేమన్ చివర్లో టామ్ బోనెన్‌ని ఓడించి గెలిచాడు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. రాళ్లు పరిచిన దారులు ముప్పై దాకా ఉంటాయి. ఒక్కోదాన్నీ సెక్టార్ అంటారు. నంబర్లు పై నుంచి ఒకటికి దిగుతాయి, కష్టాన్ని బట్టి స్టార్లు ఇస్తారు. ఐదు స్టార్లవి మూడే: అరెన్‌బర్గ్, మోన్స్-ఆన్-పెవెల్, కార్ఫూర్ ద లార్బ్ర్. ఈ మూడూ రాసుకోండి. టీ పెట్టుకోవడాలూ ఫోన్లూ ఏమున్నా వీటి మధ్యలోనే.

అరెన్‌బర్గ్ అడవికి ఐదారు కిలోమీటర్ల ముందు నుంచే తెర మీద నుంచి కళ్లు తిప్పొద్దు. నాకైతే రేసు మొత్తంలో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇక్కడే. లోపల దారి ఇరుకు, ముందొకడు పడితే వెనకున్నవాళ్లంతా ఆగాల్సిందే. అందుకే ముందు వరసలో చోటు కోసం భుజాలు రాసుకుంటూ దూసుకొస్తారు. 1998లో యోహాన్ ముసేయు ఇక్కడే పడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. 2000లో గెలిచినప్పుడు గీత దాటుతూ ఆ కాలే పైకెత్తి చూపించాడు!

రాళ్ల మీదికి ఎక్కాక ముఖాలు వదిలేసి చక్రాలు చూడండి. దారి నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, చాలామంది ఆ వెన్ను మీదే పోతారు. పొడి వాతావరణమైతే అంచున ఉన్న సన్నటి మట్టి గీతలోకి దిగుతారు. అక్కడ కుదుపు తక్కువ, పంక్చర్ భయం ఎక్కువ. ఓపికున్నవాడి చేతులు హ్యాండిల్ మీద వదులుగా ఉంటాయి, పెడల్ ఆగదు. భుజాలు ఊగడం మొదలైందా, అతను కాసేపట్లో వెనకబడతాడని లెక్కేసుకోండి.

కార్ఫూర్ దాటేసరికి పదిహేను కిలోమీటర్లే మిగులుతాయి. అక్కడి నుంచి ఒంటరిగా బయటపడ్డవాణ్ణి పట్టుకోవడం కష్టం. ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే మాత్రం ముగింపు గీత ఉన్న రూబే వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ ట్రాక్ స్టేడియంలో, ఒకటిన్నర చుట్టు తిరగాలి. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వేగం తగ్గించారంటే వెనకవాళ్లు వచ్చి కలిసిపోవచ్చు. గెలిచినవాడికి ట్రోఫీగా ఇచ్చేది కూడా ఓ రాయే.

ఇంతసేపు కూర్చునే ఓపిక లేనివాళ్లు 2021లో మొదలైన మహిళల రేసుతో మొదలుపెట్టండి. దూరం బాగా తక్కువ, మోన్స్-ఆన్-పెవెల్, కార్ఫూర్ రెండూ అందులో ఉంటాయి, ముగింపు కూడా అదే వెలోడ్రోమ్‌లో.