కరెంటు కంపెనీలు డిస్కంలపై వేసిన కేసును వినియోగదారుడు చదవవలసిన తీరు

పవన, సౌర విద్యుత్ కంపెనీలు డిస్కంలపై, అంటే మనకు కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థలపై, కోర్టుకెక్కాయంటే, అదేదో అనంతపురం గాలిమరల గొడవని పలాస జీడిపప్పు పరిశ్రమదారుడు పేపరు మడిచి పక్కన పెట్టకూడదు. డిస్కం కరెంటు కొనే ఖర్చు, చార్జీలు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదంతో చివరికి మన బిల్లులోకే వస్తుంది.

ముందు కోర్టు ఇచ్చిన ఉత్తర్వు మధ్యంతరమా (తాత్కాలికమా), తుదిదా అన్నది చూడాలి. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలను తిరిగి సమీక్షించేందుకు కమిటీ వేసినప్పుడు, కంపెనీలు హైకోర్టును ఆశ్రయించాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టివేస్తూనే, ధరల వివాదాన్ని విద్యుత్ నియంత్రణ మండలికి వదిలి, అప్పటివరకు యూనిట్‌కు పవన విద్యుత్తుకు రూ.2.43, సౌర విద్యుత్తుకు రూ.2.44 చెల్లించమంది. ఆ అంకెలనే ఖరారైన ధరలుగా నమ్మినవారు పొరబడ్డారు, ఎందుకంటే 2022 మార్చి 15న అదే హైకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచ్ ఒప్పందంలోని ధరలే చెల్లించాలని, బకాయిలను ఆరు వారాల్లో తీర్చాలని ఆదేశించింది.

తరువాత కేసు ఏ వేదిక ముందుందో గమనించాలి. ఉత్పత్తి కంపెనీకి, డిస్కంకు మధ్య వివాదాలను 2003 విద్యుత్ చట్టం 86వ సెక్షన్ కింద నియంత్రణ మండలి తేలుస్తుంది. దానిపై 45 రోజుల్లోగా అప్పీలు ట్రిబ్యునల్‌కు, అక్కడి నుంచి చట్టపరమైన ముఖ్య ప్రశ్న ఉంటేనే సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు.

మనకు పని పడేది డిస్కంలు వచ్చే ఏడాదికి తమకెంత రాబడి కావాలో లెక్క చూపే ఆదాయ అవసరాల పిటిషన్‌ను మండలి ముందు వేసినప్పుడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థదే బాధ్యత కాబట్టి, దాని పిటిషన్‌లో విద్యుత్ కొనుగోలు పట్టికను తెరచి, పాత బకాయిలు, వాటిపై వడ్డీ ఏ వరుసలో కలిపారో పేజీ సంఖ్యతో సహా రాసుకోవాలి. బకాయి వేరు, ఆలస్యానికి పడిన వడ్డీ వేరు. డిస్కం సకాలంలో చెల్లించకపోవడం వల్ల పడిన వడ్డీని జనం ఎందుకు మోయాలన్నది అడిగి తీరవలసిన ప్రశ్న. "చార్జీలు పెంచవద్దు" అని మాత్రమే రాసే అర్జీకి అంత బలం ఉండదు.

పత్రికా ప్రకటనలో ఇచ్చిన గడువులోగా అభ్యంతరాన్ని తెలుగులోనే రాసి, డిస్కంకు ఒక ప్రతి, మండలి కార్యదర్శికి ఒక ప్రతి పంపి, అందినట్లు రసీదు దాచుకోవాలి. బహిరంగ విచారణలో స్వయంగా మాట్లాడదలచినవారు ఆ సంగతిని అభ్యంతరంలోనే రాయాలి.